పేరు పడని పాటల నుంచి ప్రపంచం ఎరిగిన పేరు దాకా: ఏ.ఆర్. రెహమాన్ జింగిల్ రోజులు

ఏ.ఆర్. రెహమాన్ అనగానే మనకు 'రోజా', 'బొంబాయి', రెండు ఆస్కార్లు గుర్తొస్తాయి. కానీ 'రోజా' కంటే ముందే ఆయన పదేళ్లకు పైగా సంగీతం మీద బతికారు. ఇతరుల పాటలకు కీబోర్డు వాయించారు, ఇతరుల ట్యూన్లకు అరేంజ్‌మెంట్ చేశారు, టీవీ, రేడియో ప్రకటనలకు జింగిల్స్ కట్టారు. వాటిలో దేని మీదా ఆయన పేరు లేదు. యాడ్ చూసినవాళ్లకు గడియారం పేరు గుర్తుంది, కాఫీ పేరు గుర్తుంది. ట్యూన్ కట్టిన కుర్రాడి పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

ఆ పదేళ్ల గురించే ఈ వ్యాసం. తొలి జింగిల్స్‌లో ఒకటి మన హైదరాబాద్ కంపెనీది. కీబోర్డు వాయించిన చోట్లలో తెలుగు సంగీత దర్శకుల రికార్డింగులూ ఉన్నాయి. ఇంటిని నిలబెట్టినది ఒక తల్లి. సంగీతం విషయంలో మన ఉలమాల మధ్య వేర్వేరు అభిప్రాయాలున్నాయి. ఆ చర్చ ఇక్కడ చేయడం లేదు. ఒక మనిషి పనితనం ఎలా తయారైందో మాత్రమే చూద్దాం.

తండ్రి ఆర్.కె. శేఖర్

రెహమాన్ 1967 జనవరి 6న మద్రాసులో పుట్టారు. అప్పటి పేరు ఎ.ఎస్. దిలీప్ కుమార్. తండ్రి ఆర్.కె. శేఖర్ మలయాళ సినిమా సంగీతంలో పనిచేసేవారు. 1964లో వచ్చిన 'పళశ్శి రాజా' అనే మలయాళ చిత్రానికి ఆయనే సంగీత దర్శకుడు. అయినా సొంత పేరుతో చేసిన సినిమాలు తక్కువ. ఎక్కువ కాలం దేవరాజన్, ఎం.కె. అర్జునన్, సలిల్ చౌదరి లాంటివాళ్లకు అరేంజర్‌గా, కండక్టర్‌గా పనిచేశారు.

అరేంజర్ అంటే ఎవరు? సంగీత దర్శకుడు హార్మోనియం మీద ట్యూన్ కడతారు. అది పాటకు ఎముకల గూడు లాంటిది. పల్లవికి ముందు వయొలిన్లు రావాలా, ఫ్లూట్ రావాలా? చరణానికీ చరణానికీ మధ్య బిట్ ఎలా ఉండాలి? గాయకుడు ఊపిరి తీసుకునే ఖాళీలో ఏ వాయిద్యం పలకాలి? ఇవన్నీ తేల్చి, ఒక్కొక్క వాయిద్యానికీ నొటేషన్ రాసి, రికార్డింగ్ రోజున యాభై అరవై మంది వాయిద్యకారుల ముందు నిలబడి నడిపించేవాడే అరేంజర్. పాట హిట్టయితే పేరు సంగీత దర్శకుడికి, గాయకుడికి, హీరోకి పోతుంది. అరేంజర్‌కు ఆ రోజు కూలి ముడుతుంది. టైటిల్స్‌లో పేరు పడితే అదృష్టం.

శేఖర్‌కు కొత్త వాయిద్యాలంటే ప్రాణం. ఎలక్ట్రానిక్ కీబోర్డులు మద్రాసులో అరుదుగా ఉన్న రోజుల్లోనే విదేశాల నుంచి తెప్పించుకున్నారు. కొడుకుకు నాలుగైదేళ్లకే ఆ మీటలు అలవాటయ్యాయి. 1976లో శేఖర్ చనిపోయారు. అప్పటికి దిలీప్‌కు తొమ్మిదేళ్లు.

అమ్మ అమ్మని వాయిద్యాలు

ఇంట్లో తల్లి, దిలీప్, ముగ్గురు ఆడపిల్లలు. ఆదాయం లేదు. ఉన్నదల్లా భర్త వదిలివెళ్లిన కీబోర్డులు. వాటిని అమ్మేసి ఆ డబ్బు మీద వచ్చే వడ్డీతో బతకమని కొందరు సలహా ఇచ్చారట. ఆమె ఒప్పుకోలేదు. కొడుకు ఉన్నాడు, రేపు వాడే వాయిస్తాడు అన్నారట. ఈ సంగతి రెహమాన్ చాలా ఇంటర్వ్యూల్లో చెప్పారు. వాయిద్యాలను రికార్డింగులకు అద్దెకిచ్చి, ఆ డబ్బుతో ఆమె ఇల్లు నడిపారు.

అద్దెకు వెళ్లిన కీబోర్డు వెంట దాన్ని బిగించడానికి, సరిచేయడానికి ఒకరు వెళ్లాలి. అలా స్టూడియోలకు వెళ్లిన పిల్లాడు, చూస్తూ చూస్తూ తనే వాయించడం మొదలుపెట్టాడు. తండ్రి స్నేహితుడు ఎం.కె. అర్జునన్ తన రికార్డింగుల్లో అవకాశమిచ్చారు. మాస్టర్ ధనరాజ్ దగ్గర పాఠాలు నడిచాయి. రాత్రి రికార్డింగ్, పొద్దున బడి అంటే ఏ పిల్లాడికైనా కుదిరే పని కాదు. చదువు ఇంటర్ దగ్గరే ఆగిపోయింది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్ని మాత్రం లండన్ ట్రినిటీ కాలేజీ పద్ధతిలో నేర్చుకున్నారు.

ఈ భాగం చదివి 'బడి మానేసినా పరవాలేదు' అనుకోకూడదు. ఆయన సరదాకు మానలేదు, ఇల్లు గడవక మానారు. చిన్నతనం పోగొట్టుకున్నానన్న మాట ఆయనే తర్వాత చెప్పుకున్నారు.

తెలుగు పాటల వెనక

అప్పట్లో తెలుగు సినిమా పాటల రికార్డింగులు ఎక్కువగా మద్రాసులోనే జరిగేవి. తమిళం, తెలుగు, మలయాళం, కన్నడం నాలుగూ ఒకే కోడంబాక్కం వీధుల్లో తిరిగేవి. పొద్దున ఒక భాష పాటకు వాయించినవాళ్లే మధ్యాహ్నం ఇంకో భాషకు వాయించేవారు.

దిలీప్ ఇళయరాజా, ఎం.ఎస్. విశ్వనాథన్ దగ్గర వాయించారు. మన రమేశ్ నాయుడు దగ్గర, రాజ్-కోటి దగ్గర కూడా పనిచేశారు. రాజ్ అంటే టి.వి. రాజు గారి అబ్బాయి, కోటి అంటే సాలూరి రాజేశ్వరరావు గారి అబ్బాయి. 1980ల చివర తెలుగులో ఈ జంట జోరు మామూలుగా ఉండేది కాదు. దిలీప్ తమ దగ్గర కీబోర్డు వాయించాడని, ప్రోగ్రామింగ్ చేశాడని కోటి చాలాసార్లు చెప్పారు. అంటే 'రోజా' కంటే ముందే తెలుగు ఇళ్లలో ఆయన వేళ్లు పలికాయి. వింటున్నది ఎవరినో మనకు తెలియలేదంతే.

ప్రోగ్రామింగ్ అంటే ఏమిటో కూడా చెప్పుకోవాలి. 1980లలో సింథసైజర్లు, సీక్వెన్సర్లు, సాంప్లర్లు వచ్చాయి. ఒక తాళాన్ని యంత్రంలోకి ఎక్కిస్తే అది అలాగే వాయిస్తుంది. ఒక తంబుర నాదాన్నో, మనిషి గొంతునో రికార్డు చేసి మీటల మీద పరిస్తే, కావలసిన స్వరంలో పలికించుకోవచ్చు. పది మంది చేసే పనిని ఒక్కడు గదిలో కూర్చుని చేయగలడు. ఈ పని తెలిసినవాళ్లు అప్పట్లో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అందుకే ఆ కుర్రాడికి గిరాకీ పెరిగింది. ఇందులో ఇంకో ముఖమూ ఉంది. యంత్రాలు పెరిగిన కొద్దీ స్టూడియోల్లో వయొలిన్ వరసలు తగ్గాయి, చాలా మంది వాయిద్యకారుల ఇళ్లలో పని తగ్గింది.

సినిమాలు కాక వేదికలు కూడా ఉండేవి. డ్రమ్మర్ శివమణి లాంటి మిత్రులతో 'రూట్స్' అనే బ్యాండులో వాయించారు. మద్రాసులో 'నెమెసిస్ అవెన్యూ' అనే రాక్ బ్యాండ్ పెట్టారు. ఉస్తాద్ జాకిర్ హుస్సేన్, వయొలిన్ విద్వాంసులు కున్నక్కుడి వైద్యనాథన్, ఎల్. శంకర్ లాంటివాళ్ల కచేరీల్లోనూ పాల్గొన్నారు.

జింగిల్ అంటే

వస్తువు పేరును పాటలో పెట్టి చెవిలో వేసే పది, ఇరవై, ముప్పై సెకన్ల సంగీతమే జింగిల్. వివిధ భారతిలో వ్యాపార ప్రకటనలు 1967లో మొదలయ్యాయి. దూరదర్శన్‌లో 1976లో మొదలయ్యాయి. 1982లో రంగుల ప్రసారాలు వచ్చాయి. 1984లో 'హమ్ లోగ్', 1987లో 'రామాయణ్' వచ్చేసరికి సీరియల్ ముందు ఒక యాడ్ వేసుకుంటే దేశమంతా చూస్తుందని కంపెనీలకు అర్థమైంది. అక్కడి నుంచి యాడ్ సంగీతానికి కాలం కలిసొచ్చింది.

అప్పటికే బొంబాయిలో ఈ రంగంలో గట్టివాళ్లున్నారు. శ్యామ్ బెనెగల్ సినిమాలకు సంగీతమిచ్చిన వన్‌రాజ్ భాటియా లిరిల్ సబ్బు ప్రకటనకు పనిచేశారు. జింగిల్స్ వేల సంఖ్యలో చేశారు. జాజ్ పియానో వాద్యకారుడు లూయీ బ్యాంక్స్ కూడా ఈ రంగంలో పేరున్నవారే. వాళ్ల పేర్లు సంగీత రంగంలో అందరికీ తెలుసు. టీవీ ముందు కూర్చున్న ఇంటివాళ్లకు తెలియవు. యాడ్ కింద టైటిల్స్ పడవు కదా.

హైదరాబాద్ గడియారం

దిలీప్‌కు 1987లో ఒక యాడ్ పని వచ్చింది. ఆల్విన్ కంపెనీ కొత్తగా తెచ్చిన 'ట్రెండీ' గడియారాలకు జింగిల్. పాతబస్తీ నుంచి సనత్‌నగర్ దాకా పెద్దవాళ్లకు ఈ పేరు చెప్పనక్కర్లేదు. 1942లో, నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, ప్రభుత్వ పారిశ్రామిక నిధి, అల్లాదీన్ అండ్ కంపెనీ కలిసి ఆల్విన్ మెటల్ వర్క్స్‌ను పెట్టాయి. తర్వాత అదే హైదరాబాద్ ఆల్విన్ అయింది. హైదరాబాద్ బస్సులకు బాడీలు కట్టింది, ఫ్రిజ్‌లు చేసింది, జపాన్ సీకో కంపెనీ సహకారంతో గడియారాలు చేసింది. 1990లలో ఫ్రిజ్‌ల వ్యాపారం ఓల్టాస్‌లో కలిసిపోయింది. ఇప్పుడు ఆ పేరు ఎక్కువగా ఆల్విన్ కాలనీ బోర్డుల మీద, పాత అల్మారాల్లోని గడియారాల మీద మిగిలింది.

ఆ కంపెనీ గడియారానికి ఇరవై ఏళ్ల మద్రాసు కుర్రాడు చేసిన పని నచ్చింది. ఒకటి చూసి ఇంకొకరు పిలిచారు. లియో కాఫీ, బూస్ట్, ఏషియన్ పెయింట్స్, ప్రీమియర్ ప్రెషర్ కుక్కర్, హీరో పుక్, ఇలా వరసపెట్టి వచ్చాయి. అయిదేళ్లలో దాదాపు 300 జింగిల్స్ చేశారని ఆయన జీవిత విశేషాలు రాసినవాళ్లు చెబుతారు. సగటున వారానికి ఒకటి కంటే ఎక్కువే. పైగా ఒక్కొక్కటీ రెండు మూడు భాషల్లో.

ముప్పై సెకన్ల బడి

జింగిల్ ఏమి నేర్పింది? మొదటిది, వృథా చేయకపోవడం. సినిమా పాటలో నిమిషం పాటు ముందు సంగీతం పెట్టుకోవచ్చు. ముప్పై సెకన్ల యాడ్‌లో మొదటి మూడు సెకన్లలోనే చెవి పట్టుకోవాలి. టీవీ సమయానికి కంపెనీ సెకన్ల లెక్కన డబ్బు కడుతుంది. అనవసరమైన ఒక్క స్వరం కూడా ఖర్చే.

రెండోది, రకరకాల సంగీతం. ఈ రోజు కాఫీకి వీణ, మృదంగం కావాలి. రేపు మోటార్ సైకిల్‌కు రాక్ గిటార్ కావాలి. ఎల్లుండి రంగుల కంపెనీకి సంక్రాంతి ముగ్గు, పల్లెటూరు కావాలి. నాకు ఒకటే వచ్చు అంటే కుదరదు.

మూడోది శబ్దం నాణ్యత. యాడ్‌వాళ్లు శబ్దం శుభ్రంగా, నిండుగా ఉండాలని పట్టుబట్టేవారు, దానికి డబ్బు కూడా పెట్టేవారు. అప్పటి చాలా సినిమా రికార్డింగుల్లో అంత తీరిక ఉండేది కాదు. 'రోజా' క్యాసెట్ వేసినప్పుడు మనకు మొదట వింతగా తోచింది ట్యూన్ కంటే ముందు ఆ శబ్దమే. ఆ శుభ్రత ఒక్కరోజులో వచ్చింది కాదు, 300 యాడ్ల సాధన.

నాలుగోది ఓర్పు. యాడ్‌లో యజమాని సంగీతం తెలిసినవాడు కాకపోవచ్చు. మార్చమంటే మార్చాలి, మళ్లీ వినిపించాలి. సినిమాల్లోకి వచ్చాక ఒక పాటను నెలల తరబడి చెక్కుతూ కూర్చునే అలవాటు ఆయనకు ఉంది. దానికి ఈ రోజుల్లోనే పునాది పడి ఉండాలి.

పేరు మారిన కాలం

ఈ జింగిల్ రోజుల్లోనే ఇంట్లో ఇంకో పెద్ద మార్పు వచ్చింది. తండ్రి పోయిన సుమారు పదేళ్లకు ఈ కుటుంబం సూఫీ పీర్ కరీముల్లా షా ఖాద్రీ గారి సన్నిధికి చేరింది. నెమ్మదిగా 1980ల చివర ఇస్లాం స్వీకరించింది. ఎవరూ బలవంతం చేయలేదని, ఒక్కరోజులో జరిగింది కాదని రెహమాన్ ఎప్పుడూ చెబుతారు. కస్తూరి గారు కరీమా బేగం అయ్యారు. దిలీప్ అనే పేరు తనకు ఎప్పుడూ నచ్చలేదని కూడా ఆయన చెప్పారు. ఒక హిందూ జ్యోతిష్యుడు అబ్దుల్ రెహమాన్, అబ్దుల్ రహీం అనే రెండు పేర్లు సూచిస్తే, రెహమాన్ అన్నది ఆయన మనసుకు పట్టింది. ముందు అల్లా రఖా అని చేర్చాలన్నది అమ్మ కోరిక.

సినిమాల్లోకి రాకముందే 'దీన్ ఇసై మాలై' అనే తమిళ ఇస్లామీ భక్తి గీతాల క్యాసెట్‌కు ఆయన సంగీతమిచ్చారు. దాని మీద ఉన్నది దిలీప్ అన్న పాత పేరే. గాయని మాల్గుడి శుభతో చేసిన 'సెట్ మీ ఫ్రీ' అనే ఇంగ్లీషు ఆల్బం కూడా ఆ కాలానిదే.

మన సీమ పాఠకులకు తెలిసిన సంగతి ఒకటి ఉంది. కడప అమీన్ పీర్ దర్గాకు, మనం పెద్ద దర్గా అనుకునే చోటికి, రెహమాన్ ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నారు. ఉర్సు రోజుల్లో ఆయన రాక ఊరికి కొత్త కాదు.

తాకట్టు పెట్టిన నగలు

1989లో కోడంబాక్కం ఇంటి పెరట్లో ఆయన సొంత స్టూడియో కట్టుకున్నారు. పేరు 'పంచతన్ రికార్డ్ ఇన్'. పంజతన్ అన్న మాట మన ఇళ్లలో తెలిసిందే. గది తయారైంది, ఏసీ పెట్టారు, కార్పెట్ వేశారు. లోపల పెట్టడానికి యంత్రాలు లేవు, కొనడానికి డబ్బు లేదు. అప్పుడు కరీమా బేగం తన నగలు తాకట్టు పెట్టమని తీసి ఇచ్చారు. ఆ డబ్బుతో మొదటి రికార్డర్ వచ్చింది. ఆ రోజు తనకు ఎక్కడలేని బలం వచ్చిందని రెహమాన్ చెప్పుకున్నారు.

ఇది భావోద్వేగం మాత్రమే కాదు, లెక్క కూడా. అద్దె స్టూడియోలో గంటల లెక్కన డబ్బు కట్టాలి, ప్రయోగం చేయాలంటే భయం. సొంత గదిలో అయితే రాత్రంతా కూర్చోవచ్చు, తప్పు చేయవచ్చు, చెరిపి మళ్లీ చేయవచ్చు. రెహమాన్ రాత్రిపూట పనిచేస్తారన్న మాట తర్వాత లోకమంతా ప్రచారమైంది. దానికి వీలు కల్పించినవి ఆ గది, ఆ నగలు.

మూడు రోజుల సంపాదన

లియో కాఫీ జింగిల్‌కు ఒక ప్రకటనల అవార్డు వచ్చింది. ఆ యాడ్ తీసిన శారదా త్రిలోక్ దర్శకుడు మణిరత్నానికి బంధువు. ఆ అవార్డు వేడుకలో ఆమె ఇద్దరినీ కలిపారు. మణిరత్నం స్టూడియోకి వచ్చి ట్యూన్లు విన్నారు. కె. బాలచందర్ సంస్థ కవితాలయ తీస్తున్న 'రోజా'కు సంగీతం చేయమన్నారు.

పారితోషికం 25,000 రూపాయలు. ఆ డబ్బు యాడ్లలో మూడు రోజుల్లో వచ్చేదని రెహమాన్ చెప్పారు. ఒక సినిమాకు నెలల తరబడి కూర్చోవాలి. తండ్రి లేని ఇల్లు, తల్లి, తోబుట్టువులు, స్టూడియో ఖర్చులు ఆయన మీదే ఉన్నాయి. సినిమా ఆడకపోతే పాత యాడ్ ఖాతాదారులు ఇంకొకరిని వెతుక్కుంటారు. అయినా మణిరత్నంతో పనిచేయాలన్న ఆశతో ఒప్పుకున్నారు.

1992 ఆగస్టు 15న 'రోజా' వచ్చింది. టైటిల్స్ సిద్ధమవుతుండగా కొత్త పేరే వేయాలని కరీమా బేగం పట్టుబట్టారు. పదేళ్లకు పైగా పేరు లేకుండా పనిచేసిన మనిషికి తెర మీద మొదటిసారి పేరు పడింది. అది అమ్మ కోరిన పేరు, ఏ.ఆర్. రెహమాన్.

ఆ ఏడాది జాతీయ ఉత్తమ సంగీత దర్శకుడి అవార్డుకు 'రోజా', ఇళయరాజా చేసిన 'తేవర్ మగన్' సమానంగా నిలిచాయి. జ్యూరీ అధ్యక్షుడు బాలు మహేంద్ర తన ఓటు రెహమాన్‌కు వేశారు. తొలి సినిమాకే జాతీయ అవార్డు. తెలుగులో రాజశ్రీ సాహిత్యంతో వచ్చిన 'రోజా' పాటలు డబ్బింగ్ అని ఎవరూ పట్టించుకోనంతగా ఊరూరా మోగాయి.

యాడ్ స్నేహాలు ఎక్కడికి తీసుకెళ్లాయి

జింగిల్ రోజులు 'రోజా'తో ముగిసినా, ఆ పరిచయాలు ముగియలేదు. ఏషియన్ పెయింట్స్ యాడ్ తీసిన రాజీవ్ మీనన్ తర్వాత 'బొంబాయి'కి ఛాయాగ్రాహకుడు. 1997లో ఆయనే 'మిన్సార కనవు' తీశారు, తెలుగులో 'మెరుపు కలలు'. దానితో రెహమాన్‌కు రెండో జాతీయ అవార్డు వచ్చింది. అదే ఏడాది స్వాతంత్ర్య స్వర్ణోత్సవానికి వచ్చిన 'వందేమాతరం' ఆల్బం వెనక ఉన్న భరత్ బాలా కూడా యాడ్ చిత్రాల మనిషే.

తెలుగులో నేరుగా చేసినవి మొదట్లో తక్కువ. 1994లో 'సూపర్ పోలీస్', 'గ్యాంగ్ మాస్టర్', 'పల్నాటి పౌరుషం' వచ్చాయి. తర్వాత 2004లో 'నాని', 2010లో 'ఏ మాయ చేసావె', 'కొమరం పులి', 2016లో 'సాహసం శ్వాసగా సాగిపో'.

పెద్ద పేరు వచ్చాక కూడా జింగిల్ పనిని ఆయన చిన్నచూపు చూడలేదు. 2002లో ఎయిర్‌టెల్ కోసం కట్టిన చిన్న ట్యూన్ దేశంలో లక్షల ఫోన్లలో మోగింది. ఆ యాడ్‌లో ఆయనే కనిపించారు కూడా. 1987లో గడియారం యాడ్‌కు పేరే లేదు. పదిహేనేళ్లకు ఒక కంపెనీ ఆయన ముఖాన్నే యాడ్‌లో పెట్టుకుంది.

క్యాసెట్ కవర్ మీద పేర్లు

రెహమాన్ గురించి చెప్పేటప్పుడు అవార్డులే ఎక్కువ చెబుతాం. నిజానికి ఆయన చేసిన ఒక చిన్న పని గురించి కూడా చెప్పుకోవాలి. ఆల్బం కవర్ మీద వాయిద్యకారుల పేర్లు అచ్చు వేయించడం. ఫ్లూట్ ఎవరు, బాస్ గిటార్ ఎవరు, కోరస్ ఎవరు, సౌండ్ ఇంజినీర్ ఎవరు, అన్నీ. మన సినిమా సంగీతంలో అది అంతకుముందు మామూలు పద్ధతి కాదు. 'బొంబాయి' థీమ్‌లో వినిపించే ఆ వేణువు నవీన్ కుమార్‌దని, బాస్ గిటార్ కీత్ పీటర్స్‌దని, రికార్డింగ్ హెచ్. శ్రీధర్‌దని పాట వినేవాళ్లకు తెలిసింది అందుకే.

ఇది ఊరికే మర్యాద కోసం చేసిన పని అనిపించదు. ఆయన తండ్రి జీవితమంతా ఇతరుల పాటలను నిలబెట్టి, పేరు రాకుండానే వెళ్లిపోయారు. ఆయన కూడా అదే వరసలో కూర్చుని వచ్చారు. పేరు లేకపోతే కూలి మాత్రమే మిగులుతుంది, రేపు ఇంకో పని అడగడానికి సాక్ష్యం ఉండదు. పేరు అచ్చయితే ఆ వాయిద్యకారుడిని ఇంకో నిర్మాత వెతుక్కుంటూ వస్తాడు. ఒక్క లైను అచ్చు ఒక ఇంటికి బియ్యం తెస్తుంది.

2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ స్వరకర్తలకు, గేయ రచయితలకు రాయల్టీ హక్కును గట్టిపరిచింది. అరేంజర్లు, ప్రోగ్రామర్లకు మాత్రం ఇప్పటికీ ఎక్కువగా ఒప్పందంలో ఏముంటే అదే దక్కుతుంది. అందుకే ఈ పనిలోకి దిగే పిల్లలు కీబోర్డుతో పాటు ఒప్పందం చదవడం కూడా నేర్చుకోవాలి. ఎంత ఇస్తారు అన్నదానితో పాటు పేరు ఎక్కడ వేస్తారు అని కూడా అడగాలి.

తర్వాతి కథ, క్లుప్తంగా

2008లో చెన్నైలో కె.ఎం. మ్యూజిక్ కన్జర్వేటరీని రెహమాన్ మొదలుపెట్టారు. చదువు మధ్యలో వదిలేయాల్సి వచ్చిన మనిషి సంగీతానికి బడి కట్టారు. పేద పిల్లలకు ఉచితంగా తంత్రీ వాయిద్యాలు నేర్పే 'సన్‌షైన్ ఆర్కెస్ట్రా' కూడా అక్కడిదే.

2009 ఫిబ్రవరి 22న 'స్లమ్‌డాగ్ మిలియనీర్'కు రెండు ఆస్కార్లు అందుకున్నారు. ఆ వేదిక మీద తమిళంలో ఆయన చెప్పిన మాటకు అర్థం, కీర్తి అంతా దేవుడిదే అని. మన నోట అల్హందులిల్లాహ్ అంటే అదే. అమ్మ ఆ సభలోనే ఉన్నారు. కరీమా బేగం గారు 2020 డిసెంబర్ 28న అల్లాహ్ సన్నిధికి చేరారు.

ముఖ్య ఘట్టాలు

- 1967: మద్రాసులో జననం
- 1976: తండ్రి ఆర్.కె. శేఖర్ మరణం
- 1980లు: ఇళయరాజా, ఎం.ఎస్. విశ్వనాథన్, రమేశ్ నాయుడు, రాజ్-కోటి దగ్గర కీబోర్డు, ప్రోగ్రామింగ్
- 1987: ఆల్విన్ 'ట్రెండీ' గడియారాల జింగిల్
- 1989: పంచతన్ రికార్డ్ ఇన్
- 1992: 'రోజా', మొదటి జాతీయ అవార్డు
- 1994: తెలుగులో నేరుగా తొలి సినిమాలు
- 1997: 'వందేమాతరం', 'మిన్సార కనవు'
- 2000: పద్మశ్రీ
- 2002: ఎయిర్‌టెల్ ట్యూన్
- 2008: కె.ఎం. మ్యూజిక్ కన్జర్వేటరీ
- 2009: రెండు ఆస్కార్లు
- 2010: రెండు గ్రామీ అవార్డులు, పద్మభూషణ్
- 2024: 'పొన్నియిన్ సెల్వన్' మొదటి భాగానికి ప్రకటించిన అవార్డుతో మొత్తం ఏడు జాతీయ అవార్డులు

ఈ జాబితాలో అవార్డులన్నీ 1992 తర్వాతివే. వాటిని సంపాదించిన పనితనం మాత్రం అంతకు ముందు, పేరు పడని చోట నేర్చుకున్నది. మన ఇళ్లలోనూ పెళ్లి బ్యాండులో కీబోర్డు వాయించే పిల్లలున్నారు, స్టూడియోలో కోరస్ పాడే ఆడపిల్లలున్నారు, యూట్యూబ్ యాడ్లకు ట్యూన్లు కట్టే తమ్ముళ్లున్నారు. వాళ్లది ఇంకా చిన్న పని అనిపిస్తే, ఒక హైదరాబాద్ గడియారం కోసం ముప్పై సెకన్లు కట్టిన ఇరవై ఏళ్ల కుర్రాణ్ణి గుర్తుచేసుకోండి.